గంటలు లెక్కపెట్టని పని

"మీరు ఇంతవరకూ ఎక్కడా ఏ పనీ చెయ్యలేదా?"

అడిగినవాడు ఎలియాస్. అడిగించుకున్నది అరసెలి. ఇద్దరి మధ్యా ఒక బల్ల, బల్ల మీద కంప్యూటర్, అందులో సగం నింపిన అరసెలి అప్లికేషన్ ఉన్నాయి.

"లేదు," అంది అరసెలి.

"వేసవి సెలవుల్లో? పోనీ శనాదివారాల్లో?"

"లేదన్నాను కదండీ."

"అదృష్టవంతులు," అన్నాడు ఎలియాస్.

అరసెలికి ఒళ్ళు మండింది. నవంబర్ పొగమంచులో ముందున్న కారు లైట్లు కూడా కనపడక, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కాలేజీకి వచ్చింది ఈ మాట పడటానికా? ఈ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళూ పూర్తిచేసి, మూడో ఏడు డేవిస్ యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్‌లో చేరాలని ఆమె ఆశ. అప్లికేషన్ పంపడానికి ఇంకా రెండు వారాలే గడువు ఉంది. ట్రాన్స్‌ఫర్ సెంటర్లో సలహాలు చెప్పే సీనియర్ బాగా చూస్తాడని స్నేహితురాలు చెబితే వచ్చింది. బాగా చూస్తాడని చెప్పింది గానీ, చూడటానికి కూడా బాగుంటాడని ఆ మహాతల్లి చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ పాత స్వెట్టర్ వేసుకొచ్చేది కాదు.

"మార్కులన్నీ బాగున్నాయండీ. ఒక్క పోయిన వసంతం టర్మే," అంటూ అతను తెర ఆమె వైపు తిప్పాడు. "కాల్క్యులస్‌లో సి. ఫిజిక్స్ మధ్యలో మానేశారు. కెమిస్ట్రీ కూడా అంతే. ఏమైంది?"

"ఇంట్లో పనులు."

"ఏం పనులు?"

"అందరి ఇళ్ళల్లో ఉంటాయి చూడండి, అవే."

అతనికి నవ్వొచ్చింది. ఆమె నవ్వడం లేదని చూసి ఆపుకున్నాడు.

"అప్లికేషన్ చదివేవాళ్ళకి మీ మొహం కనపడదండీ. కాగితమే కనపడుతుంది. వారానికి ముప్ఫై గంటలు పనిచేస్తూ సి తెచ్చుకుంటే, పాపం, కష్టపడిందనుకుంటారు. ఏ పనీ లేకుండా సి తెచ్చుకుంటే ఏమనుకుంటారు? ఈ ఒక్క టర్మ్ మీ సీటుకి ఎసరు పెడుతుంది."

"అయితే లేని ఉద్యోగం ఉందని రాయమంటారా?"

"ఉన్నదేదైనా ఉంటే రాయమంటున్నా."

"ఏమీ లేదు. థాంక్సండీ," అని అరసెలి బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

"ఒక్క నిమిషం. మీ స్వెట్టర్ నిండా గులాబీ రంగు దారాలున్నాయి."

అరసెలి తలుపు గట్టిగా వేసి వెళ్ళిపోయింది. దారాలు దులుపుకుంటూ కారిడార్ చివరిదాకా అతన్ని తిట్టుకుంది. తిట్టుకోవడం అయ్యాక అతని కళ్ళు గుర్తొచ్చాయి. మళ్ళీ మొదటినుంచీ తిట్టుకుంది.

శనివారం పొద్దున అరసెలి వాళ్ళ రొసారియో అత్త కుట్టుపని కొట్టు కిటకిటలాడుతోంది. అక్కడి ఊళ్ళల్లో ఆడపిల్లకి పదిహేనో ఏడు వచ్చిందంటే పెళ్ళంత పండుగ చేస్తారు. పెళ్ళికూతురి గౌనుకి ఏమాత్రం తీసిపోని గౌను కుట్టిస్తారు. ఊళ్ళో సగం గౌన్లు ఈ కొట్టులోవే. అత్త తుంటికి ఆపరేషన్ అయ్యాక కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చుంటోంది. మిగతాదంతా అరసెలి చూస్తోంది.

ఆమె నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో అరడజను గుండుసూదులు పెట్టుకుని, ఒక నీలంరంగు గౌను అంచు మడుస్తోంది. గౌనులో ఉన్న పిల్ల పేరు ఇట్సెల్. కుదురుగా నిలబడదు. వాళ్ళమ్మేమో గౌను పొడవు పెంచమంటుంది, పిల్లేమో తగ్గించమంటుంది.

"అమ్మా, కారు ఎక్కడ పెట్టాలి? బయట చోటు లేదు," అంటూ ఒక గొంతు లోపలికి వచ్చింది.

అరసెలి తలెత్తింది. ఎలియాస్!

అతను ఆమెను చూశాడు, సూదులను చూశాడు, ఆమె చుట్టూ కుప్పపడ్డ నీలంరంగు బట్టను చూశాడు.

"మీకు ఏ పనీ లేదన్నారు?"

"ఊఁ... ఊఁ," అంది అరసెలి. నోట్లో సూదులతో అంతకంటే ఏం చెప్పగలదు?

"మా అన్నయ్య మీకు తెలుసా?" అంది ఇట్సెల్, ఒక్కసారిగా గిర్రున తిరిగి.

"కదలకు!" అన్నారు అరసెలి, అత్త, ఇట్సెల్ వాళ్ళమ్మ ముగ్గురూ. అరసెలి నోట్లోంచి సూదులన్నీ రాలిపోయాయి. ఎలియాస్ కింద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు.

తర్వాతి గంటసేపు అతను ఆ మూల కూర్చుని చూస్తూనే ఉన్నాడు. అరసెలి నడుము కొలత ఒకసారి చూసి, ఎంత బట్ట కావాలో కాగితం లేకుండా చెప్పేస్తోంది. ఇంగ్లీషు రాని ఒక అమ్మమ్మకి బట్టల కంపెనీవాళ్ళతో ఫోన్లో మాట్లాడిపెట్టింది. ఏడుస్తున్న ఒక పిల్లని నవ్వించి, తల్లికి తెలియకుండా గౌను మెడ రెండంగుళాలు కిందికి దించింది.

"ఇది పని కాదా అండీ?" అన్నాడు, కాస్త సందు దొరగ్గానే.

"ఇదేం పని? అత్తకి సాయం."

"ఎప్పట్నుంచి?"

"పన్నెండో ఏటి నుంచి," అంది అత్త కుర్చీలోంచి గర్వంగా. "నాకు ఆపరేషన్ అయిందా బాబూ, ఫిబ్రవరి నుంచి మే దాకా మంచం మీదే ఉన్నా. కొట్టు మూసేద్దామంటే పిల్ల ఒప్పుకోలేదు. అరవై రెండు గౌన్లు! ఒక్క పండుగ ఆగలేదు తెలుసా?"

ఎలియాస్ అరసెలి వైపు చూశాడు. ఫిబ్రవరి నుంచి మే. వసంతం టర్మ్. అరసెలి చూపు తిప్పేసుకుంది.

"వారానికి ఎన్ని గంటలు?" అన్నాడు మెల్లగా.

"గంటలు లెక్కపెట్టుకునే ఖాళీ ఎక్కడిది? మీరు వచ్చి లెక్కపెట్టకపోయారా?"

"పిలిస్తే వచ్చేవాణ్ణి."

అరసెలి చెంపలు వేడెక్కాయి. ఆ వేడి కనపడకుండా ఉండాలని, "ఇంతకీ మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని మాట మార్చింది.

"మా ఆయనది..." అని ఎలియాస్ వాళ్ళమ్మ నోరు తెరిచింది.

"బళ్ళ వ్యాపారం," అన్నాడు ఎలియాస్ గబగబా. "అమ్మా, పద, కారుకి జరిమానా రాస్తారు."

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "ఇదంతా రాయి అరసెలీ. ఉన్నది ఉన్నట్టు రాయి చాలు," అన్నాడు. మీరు కాస్తా ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు. అత్త మాత్రం గమనించింది.

ఆదివారం సాయంత్రం వంటింటి బల్ల దగ్గర అరసెలి ల్యాప్‌టాప్ తెరిచింది. అత్త ఎదురుగా కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతోంది.

"ఏం రాస్తున్నావే?"

"పని అనుభవం అత్తా. 'రొసారియో డ్రెస్సెస్. ఉద్యోగం: దర్జీ, సహాయకురాలు. వారానికి ముప్ఫై గంటలు.'"

అత్త చెయ్యి గింజల్లో ఆగిపోయింది.

"ఉద్యోగమా? నువ్వు నా దగ్గర ఉద్యోగం చేశావా?"

"అక్కడ అలాగే అడిగారత్తా."

"నేను నీకు యజమానినా? తల్లి లేని పిల్లని తెచ్చుకుని కుట్టుపనికి పెట్టుకుందని రాస్తావా? పెద్ద చదువులవాళ్ళు చదువుతారా అది?"

"అయ్యో, అలా కాదత్తా..."

"గంటలు కూడా లెక్క కట్టావు," అంది అత్త. కోపంగా అన్నా బాగుండేది. చాలా నెమ్మదిగా అంది. గింజల పళ్ళెం అక్కడే వదిలేసి, కర్ర పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

అక్కడి ఇళ్ళల్లో అంతే. పిల్లలు ఇంటికోసం చేసేదాన్ని సాయం అంటారు. దానికి జీతం ఉండదు, వేళలు ఉండవు. దాన్ని పని అని, ఇన్ని గంటలని లెక్క చెప్పావంటే ఇంటి మనిషివి కానట్టే. అరసెలికి తొమ్మిదో ఏట అమ్మ పోయింది. నాన్న లారీ మీద ఏ రాష్ట్రంలో ఉంటాడో ఆయనకే తెలియదు. జడ వేసింది అత్త, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది అత్త. డేవిస్ సీటు కోసం ఆ అత్తని ఏడిపించాలా? అరసెలి రాసిందంతా చెరిపేసింది.

సోమవారం ఆ సంగతి చెబితే ఎలియాస్ తల పట్టుకున్నాడు.

"అయితే ఖాళీగా పంపుతావా? ఆ టర్మ్ చూసి పక్కన పడేస్తారు."

"పడెయ్యనీ."

"అరవై రెండు గౌన్లు అరసెలీ! మీ అత్త రెండు రోజులు బాధపడుతుంది, తర్వాత సర్దుకుంటుంది. చేసిన పని చెప్పుకోవడానికి ఇంత పిరికితనం అయితే ఎలా?"

ఆ మాట నోరు జారిందని అతనికి వెంటనే తెలిసింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"కుర్చీలో కూర్చుని ఎన్నైనా చెప్తావు," అంది అరసెలి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీకేం తెలుసు?"

వారమంతా ఆమె ట్రాన్స్‌ఫర్ సెంటర్ వైపు రాలేదు. ఎలియాస్ నాలుగు మెసేజ్‌లు పెట్టాడు. మొదటి మూడూ క్షమాపణలు. నాలుగోది గడువు ఎన్ని రోజులుందో గుర్తు చేస్తూ పెట్టినది. నాలుగోది చూసి అరసెలికి కోపం రెట్టింపైంది, నవ్వు కూడా వచ్చింది.

మళ్ళీ శనివారం ఊరి బయట ఒక ద్రాక్షతోటలో పదిహేనేళ్ళ పండుగ. మధ్యాహ్నం నాట్యానికి గంట ముందు గౌను జిప్పు తెగిందని కబురొస్తే అరసెలి సూదీ దారం పట్టుకుని పరుగెత్తింది. జిప్పు కుట్టేసి ఇవతలికి వచ్చేసరికి, గుడారాల వెనక ఒక లారీ ఆగి ఉంది. దాని మీద ఇంత పెద్ద అక్షరాలతో 'బర్రాగాన్ అండ్ సన్. మొబైల్ టాయిలెట్లు' అని రాసి ఉంది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఒక కుర్రాడు గొట్టంతో టాయిలెట్లు కడుగుతున్నాడు.

బర్రాగాన్ అంటే ఎలియాస్ ఇంటిపేరు.

కుర్రాడు తలెత్తి ఆమెను చూశాడు. గొట్టం పారేసి, దగ్గర్లో ఉన్న టాయిలెట్లోకి దూరి గడియ పెట్టుకున్నాడు.

అరసెలి వెళ్ళి తలుపు తట్టింది.

"మనిషున్నాడండీ," అని లోపల్నుంచి గొంతు మార్చి ఒక జవాబు వచ్చింది.

"ఎంతసేపుంటాడు?"

"నువ్వు వెళ్ళేదాకా," అన్నాడు ఎలియాస్.

"నేను వెళ్ళను."

"ఇక్కడ వాసనగా ఉంది అరసెలీ, వెళ్ళు."

"ఇప్పుడే కడిగావుగా. నిమ్మకాయ వాసన వస్తోంది. బయటికి రా."

తలుపు తెరుచుకుంది. ఎలియాస్ ఆమె మొహంలోకి చూడలేక బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఇదా బళ్ళ వ్యాపారం?" అంది అరసెలి.

"కోతలప్పుడు తోటల్లో పెడతాం. నలభై తోటలకి మావే. స్కూల్లో నన్నేమని పిలిచేవాళ్ళో తెలుసా?"

"చెప్పొద్దు."

"చెప్పను."

"ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నావు?"

"ఆరేళ్ళు," అన్నాడు. "అమ్మ ద్రాక్ష కోతకి వెళ్ళే రోజుల్లో తోటల్లో ఇవి కూడా ఉండేవి కావు. ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ మంచినీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళట. అది చూడలేక నాన్న మొదలుపెట్టాడు."

"ఇది నీ అప్లికేషన్‌లో రాశావా?"

ఎలియాస్ కింద పడ్డ గొట్టం తీసి చుట్టడం మొదలుపెట్టాడు.

"పోయినేడు కూడా పెట్టి ఉంటావుగా, అప్పుడు?"

"రాయలేదు. ఖాళీగా పంపాను. సీటు రాలేదు. అందుకే కాలేజీలో ఆ సలహాల ఉద్యోగం తీసుకున్నా, ఈసారి అదొక్కటి రాయొచ్చని."

"వారానికి ఆరు గంటలు కుర్చీలో కూర్చునేది పనా? ఆరేళ్ళుగా చేస్తున్నది కాదా?" అరసెలి గొంతు పెరిగింది. "ఏ కోర్సుకి పెడుతున్నావు నువ్వు?"

"పర్యావరణ ఇంజనీరింగ్," అన్నాడు గొణుగుతూ. "మురుగునీటి శుద్ధి."

అరసెలి అతని వైపు ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది. "మురుగునీళ్ళ చదువుకి వెళ్తూ, టాయిలెట్ల పని దాచిపెడుతున్నావా? దేవుడా! నన్నా నువ్వు పిరికిదాన్నన్నది?"

అతనికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "నీకు తెలిస్తే మళ్ళీ నా మొహం చూడవనుకున్నా," అన్నాడు. ఆ మాటకి అరసెలి నవ్వు ఆగింది. చెయ్యి చాచి అతని చొక్కా కాలరు సరిచేసి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది.

దారి పొడుగునా ఆలోచిస్తూనే కారు నడిపింది. ఆ లారీ సంగతి కొడుకు దాచాడని ఎలియాస్ వాళ్ళ నాన్నకి తెలిస్తే ఎలా ఉంటుంది? 'అండ్ సన్' అని కొడుకుని కూడా కలిపి రాయించుకున్నాడు పాపం, పెద్ద అక్షరాలతో. మరి తను చేస్తున్నదేమిటి?

ఇంటికి వెళ్ళేసరికి అత్త వంటింట్లో ఉంది. వారం రోజులుగా ఇద్దరూ ఉప్పూ కారం గురించి తప్ప మాట్లాడుకోలేదు.

"అత్తా, ఒక మాట చెబుతా, కోప్పడకు. ఏ పనీ చెయ్యలేదని రాస్తే నిన్ను దాచిపెట్టినట్టే అవుతుంది. లెక్కలు నాకు కాలేజీలో రాలేదు, నీ టేపు పట్టుకున్నాక వచ్చాయి. నా చేతికి వచ్చిన పనంతా నువ్వు నేర్పిందే. నీ పేరు లేకుండా ఆ కాగితం పంపడం నాకు ఇష్టం లేదు."

అత్త పొయ్యి కట్టేసింది. వెనక్కి తిరగలేదు.

"నాకు భయం వేసిందే," అంది. "పిల్ల చదువు పాడయింది నా వల్లే కదా. నా తుంటి విరగకపోతే నీకు ఆ సి వచ్చేదా? నిన్ను వాడుకున్నానని ఎవరో ఎందుకు, రేపు నువ్వే అనుకుంటావేమోనని."

"పిచ్చి అత్తా!" అంటూ అరసెలి వెనక నుంచి కావలించుకుంది. ఇద్దరూ కాసేపు హాయిగా ఏడ్చారు.

తర్వాత అత్త ముక్కు తుడుచుకుని, బీరువాలోంచి కొలతల పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. ఎనిమిదేళ్ళవి. మొదటి పుస్తకంలో అంకెలు గుండ్రంగా, వంకరగా ఉన్నాయి. ఏటేటికీ రాత కుదురుకుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ప్రతి పేజీలోనూ అరసెలి రాతే ఉంది.

"ముప్ఫై అని రాశావు కదూ? తప్పు," అంది అత్త కళ్ళజోడు పెట్టుకుని. "ఏప్రిల్‌లో వారానికి నలభై పైనే. నేను మంచంలో పడుకుని గడియారం చూస్తూనే ఉన్నా. తక్కువ రాస్తే ఊరుకోను."

గడువు ఆఖరి రోజున అరసెలి, ఎలియాస్ ట్రాన్స్‌ఫర్ సెంటర్లో పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. కిటికీ బయట పొగమంచులో చెట్లు కూడా కనిపించడం లేదు. అతను ఆమె రాసింది చదివాడు. ఆపరేషన్, అరవై రెండు గౌన్లు, నలభై గంటలు, వదిలేసిన ఫిజిక్స్, వేసవిలో మళ్ళీ చదివి తెచ్చుకున్న ఎ. ఒక్క మాట కూడా మార్చలేదు. ఆమె అతనిది చదివింది. నలభై తోటలు, నీళ్ళు తాగని ఆడవాళ్ళు, నాన్న.

"నొక్కుదామా?" అంది.

"నువ్వు ముందు."

"ఇద్దరం ఒకేసారి."

నొక్కారు. అతను ఏదో చెప్పబోయి, చుట్టూ చూసి, "మంచు ఎక్కువగా ఉంది, కారు జాగ్రత్త," అన్నాడు. అరసెలి ఇంకా ఏదో వస్తుందని రెండు నిమిషాలు నిలబడింది. రాలేదు. వెళ్ళిపోయింది.

చలికాలమంతా అతను ఏదో ఒక వంకతో కొట్టుకి వస్తూనే ఉన్నాడు. ఇట్సెల్ గౌను అన్నాడు, అమ్మ జాకెట్టు అన్నాడు, ఒకసారి చిరగని ప్యాంటు కూడా తెచ్చాడు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అరసెలి ఫోన్ మోగింది. చదివింది. మళ్ళీ చదివింది. కొట్టులో ఉన్న ముగ్గురు తల్లులూ, ఇద్దరు పిల్లలూ, అత్తా ఆమె మొహమే చూస్తున్నారు.

"వచ్చింది," అంది. "డేవిస్!"

అత్త కర్ర సంగతి మరిచిపోయి లేచి నిలబడింది. తెలియని తల్లులు కూడా వచ్చి అరసెలిని ముద్దు పెట్టుకున్నారు. ఆ గోలలో గుమ్మం ముందు లారీ ఆగిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఎలియాస్ రబ్బరు బూట్లతోనే లోపలికి వచ్చాడు. బూట్లు విప్పడం కూడా మరిచిపోయాడు.

"నీకు?" అంది అరసెలి.

అతను తల ఊపాడు.

"డేవిసేనా?"

"డేవిసే." గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "అరసెలీ, నువ్వంటే నాకు చాలా ఇష్టం. నవంబర్‌లోనే చెబుదామనుకున్నా. నీ అప్లికేషన్ నా బల్ల మీద ఉండగా చెప్పకూడదని ఆగాను."

ఒక తల్లి పిల్లని తోసి మరీ ముందుకు వచ్చింది వినడానికి.

"నవంబర్‌లోనే పంపేశాం కదా," అంది అరసెలి. "మరి ఈ ఐదు నెలలూ?"

"సీటు రాకపోతే ఏ మొహం పెట్టుకుని అడగను?"

"రాకపోయినా ఈ మొహం పెట్టుకునే రావాల్సింది," అంది అరసెలి. "చిరగని ప్యాంటు తెచ్చినప్పుడే ఒప్పుకునేదాన్ని."

అత్త కిటికీలోంచి బయటికి చూసింది. గుమ్మానికి అడ్డంగా ఆగిన లారీనీ, దాని మీది పెద్ద అక్షరాలనూ తీరిగ్గా చదువుకుంది.

"అబ్బాయ్, ఆదివారం భోజనానికి రా. మీ అమ్మనీ నాన్ననీ తీసుకురా."

"అలాగే అత్తా," అనేశాడు ఎలియాస్ కంగారులో. అని నాలుక కరుచుకున్నాడు. "లారీ తీసి వీధి చివర పెడతానండీ, కొట్టు ముందు బాగుండదు."

"ఎందుకు తియ్యడం?" అంది అత్త. "ఆదివారం కూడా దాంట్లోనే రండి. సరిగ్గా మా ఇంటి ముందు పెట్టండి, వీధంతా చూడనీ."